దియెప్ పాఠం ఎవరు నేర్చుకున్నట్టు?

సైనిక చరిత్రలు రాసే పెద్దలకు ఒక సౌకర్యం ఉంది. దాడి గెలిస్తే అది సేనాపతి ప్రతిభ. ఓడితే అది "విలువైన పాఠం." చచ్చేవాళ్లు మాత్రం రెండు చోట్లా సిపాయిలే.

1942 ఆగస్టు 19న ఫ్రాన్సు ఉత్తర తీరంలోని దియెప్ రేవు మీద మిత్రరాజ్యాలు చేసిన దాడి ఇటువంటి పాఠాలలో అగ్రగణ్యం. దాడికి వెళ్లిన ఆరువేల పైచిలుకు సైనికులలో దాదాపు 5,000 మంది కెనడా యువకులు. మధ్యాహ్నానికల్లా అంతా ముగిసింది. 907 మంది కెనడియన్లు ఆ దాడికి బలయ్యారు. 1,900 మందికి పైగా జర్మనులకు చిక్కారు. పక్కనే ఉన్న పూయీ అనే ఇరుకు తీరంలో టొరాంటో దళం చీకటిలో దిగవలసింది, తెల్లవారిన తర్వాత దిగింది. గోడ పైనుంచి మరతుపాకులు కాల్చాయి. అక్కడే రెండువందల మందికి పైగా పోయారు. ప్రధాన తీరంలో టాంకుల గొలుసులలో గులకరాళ్లు ఇరుక్కున్నాయి. దిగినవాటిలో సుమారు సగం గోడ దాటాయి. ఒక్కటీ తిరిగి రాలేదు.

ఈ దాడిని తయారుచేసిన సంయుక్త దాడుల శాఖకు అధిపతి మౌంట్‌బాటన్. అవును, 1947లో మనకు చివరి వైస్రాయిగా దిగిన ఆ మౌంట్‌బాటనే. దియెప్‌లో పోయిన ఒక్కొక్క ప్రాణానికి 1944లో నార్మండీలో కనీసం పది ప్రాణాలు దక్కాయని ఆయన తర్వాత వాదించాడు. ఈ పదికి లెక్క ఎక్కడిది? ఎవరు కూడారు?

ఇంతకూ ఏమిటా పాఠం? కాపలా ఉన్న తీరం మీదికి, ముందుగా పెద్ద ఫిరంగులతో దాన్ని దెబ్బతీయకుండా, ఎదురుగా పోరాదట! 1915 ఏప్రిల్ 25న గలిపోలిలో 'రివర్ క్లైడ్' అనే పాత బొగ్గు ఓడలోంచి దిగబోయిన ఐరిష్ సైనికులు తుర్కీ తుపాకులకు గుంపులుగా కూలిపోయినప్పుడు ఈ సంగతి తెలియలేదా? తెలిసింది గనుకనే నౌకాదళం తన పెద్ద యుద్ధనౌకలను దియెప్‌కు పంపనన్నది. ఓడ విలువైనది మరి! భారీ బాంబుదాడినీ ముందే మానుకున్నారు. ఇక రేవును పట్టకుండానే సేనలను దింపే ఉపాయం దియెప్ నేర్పిందంటారా? ఆటుపోట్లతో లేచి దిగే తేలుడు వంతెనలను గురించి చర్చిల్ 1942 మే 30నే చీటీ రాశాడు. రాసింది సాక్షాత్తూ మౌంట్‌బాటన్‌కే.

మన పక్షం మాట కూడా చెప్పుకోవాలి. జర్మన్ సేనలు స్టాలిన్‌గ్రాడ్ వైపు దూసుకుపోతున్న ఆ వేసవిలో రెండవ యుద్ధరంగం తెరవమని ప్రజలు అడగడం న్యాయమే. అయితే ఆ వత్తిడి వల్లనే దియెప్ తప్పలేదని పాలకులు అంటుంటే, అదేదో తమకు గౌరవమైనట్టు మనవాళ్లు కొందరు తలలూపారు. అడిగింది యుద్ధరంగం, ఇచ్చింది ఒక పూట దాడి. జూలైలో రద్దయిన పథకాన్ని ఆగస్టులో మళ్లీ పైకి తీయడానికి అనుమతి ఎవరిచ్చారో స్పష్టమైన రికార్డు దొరకక చరిత్రకారులు నేటికీ తగవులాడుకుంటున్నారు.

2013లో ఒక కెనడా చరిత్రకారుడు మరో సమర్థన తెచ్చాడు: అదంతా జర్మనుల రహస్యలిపి యంత్రాన్నీ సంకేత పుస్తకాలనూ ఎత్తుకురావడానికట. పరిశోధన శ్రద్ధగా చేశాడు, కాదనను. కాని అవీ ఆనాడు చేజిక్కలేదు.