ఎఱ్ఱచందనము ఎవరి సొత్తు?

తూర్పు కనుమల దక్షిణభాగమున, ముఖ్యముగా శేషాచల, పాలకొండ, వెలికొండలయందు దప్ప ఎఱ్ఱచందనము లోకమున మఱెచ్చటను సహజముగా పెరుగదు. పైనున్న తెల్లని పొరకు విలువ లేదు. లోపలి యెఱ్ఱని చేవ కూడుటకు దశాబ్దములు పట్టును. ఆ చేవదుంగ నీట మునుగును. చెదలు దానిని ముట్టవు. దానినుండి రంగు తీయుదురు. తిరుపతి శిల్పులు దానితో బొమ్మలు చెక్కిరి. జపానువారు తమ షమిసెను వాద్యమునకు ఈ కొయ్యనే కోరుదురు.

ఇంతటి సంపద ఈ సీమవారికి ఒసగినదేమి? దీని విదేశవర్తకముపై 1995 నుండి అంతర్జాతీయ నియంత్రణ కలదు. అయినను దొంగరవాణా ఆగలేదు. 2015 ఏప్రిల్ 7వ తేదీన శేషాచలమున పోలీసు కాల్పులకు 20 మంది బలియైరి. మృతులందఱును తమిళనాటి బీదకూలీలు. దుంగలపై కోట్లు గడించు వర్తకుడు వారిలో ఒక్కడును లేడు.

కావలి పెంచుట యొక్కటే చాలదని మా యభిప్రాయము. కూలిని గాక, కూలిని పంపినవానిని పట్టవలెను. రైతు తన చేనిలో ఈ చెట్టును పెంచి, చిక్కులు లేక అమ్ముకొను మార్గము ఏర్పడవలెను. దుంగ దుంగగనే ఓడ నెక్కరాదు. మన పనివాని చేతిలో వస్తువై వెడలవలెను. చెట్టువలన న్యాయముగా బ్రదుకువారు పెరిగిననాడే అడవికి నిజమైన కావలి యేర్పడును.