రాబడి ముందా, విస్తరణ ముందా?

మెదకు పట్టణమున కూరలమ్ము తోపుడుబండికిని నేడు క్యూఆర్ పలక వ్రేలాడుచుండును. యూపీఐ ద్వారా జరుగు ఇట్టి చెల్లింపులపై వర్తకుడీయవలసిన రుసుమును ప్రభుత్వము 2020 జనవరి 1 నుండి రద్దు చేసినది. ఇది ప్రభుత్వ నిర్ణయము. పెక్కు స్టార్టప్‌లు మాత్రము ఇట్టి ఉచితమునే వ్యాపారసూత్రముగా చేకొనుచున్నవి: ముందు జనమును కూడగట్టవలెను, ధనము సంగతి తరువాత చూచుకొనవచ్చును. ఈ సూత్రము ఎంతవరకు సమంజసము?

తెలుగువారు పాల్గొన్న రెండు సంస్థలను పరిశీలింపవచ్చును. ఫణీంద్ర సామ మిత్రులతో కలిసి 2006లో బెంగుళూరున రెడ్‌బస్‌ను స్థాపించెను. బస్సు యజమానికి ఖాళీ సీటు నిండినది. అందులో కొంత కమీషనుగా ఇచ్చుటకు అతనికి అభ్యంతరము లేకపోయెను. అమ్మిన ప్రతి టికెట్టును సంస్థకు కొంత ఆదాయము తెచ్చెను. 2013లో ఇబిబో సంస్థ దానిని కొన్నది.

శ్రీహర్ష మాజేటి, నందన్ రెడ్డి, రాహుల్ జైమిని 2014లో స్థాపించిన స్విగ్గీ కథ వేరు. హోటళ్లనుండి కమీషను వచ్చుచున్నను, విస్తరణ వ్యయము దానిని మించిపోయెను. 2023–24లో నష్టము సుమారు 2,350 కోట్ల రూపాయలు. మదుపుదారుల ధనమే దానిని నిలిపినది. 2024 నవంబరున అది షేరుమార్కెట్టున ప్రవేశించినది.

భేదమెచ్చట నున్నది? టికెట్టు మరియొకటి అమ్మినందున రెడ్‌బస్‌కు పెరుగు ఖర్చు స్వల్పము. భోజనపు పొట్లము మరియొకటి చేర్చుటకు మాత్రము ఒక మనిషి కూలియు, పెట్రోలును కావలెను. ఒక్కొక్క గిరాకీపై నష్టము వచ్చు వ్యాపారము పెరిగినకొలది నష్టమును పెరుగును.

జియో 2016 సెప్టెంబరు 5న ఉచితముగా ప్రారంభమై, 2017 ఏప్రిల్ నుండి రుసుము గైకొన్నది గదా యని కొందరందురు. నిజమే. కాని దాని వెనుక చమురు వ్యాపారపు లాభములు గల రిలయన్స్ నిలిచినది. మెదకు విద్యార్థి వెనుక నుండునది తండ్రి కూడబెట్టిన సొమ్ము, లేదా రెండెకరముల పొలము.

ఉచితమునకు మరియొక దోషము కలదు. ఊరక వచ్చినదానిని అందరును పుచ్చుకొందురు. వారిలో ఎందరికి అది నిజముగా అవసరమో తెలియదు. వెల పెట్టిననాడే అది తేలును.

అట్లని వేచియుండుట సర్వత్ర తప్పు కాదు. మంజీరపై ఘనపురము ఆనకట్టయు నీటిని నిలుపుచున్నది. కాని ఏ కాలువకు, ఏ పొలమునకు అని ముందే నిర్ణయించి దానిని కట్టిరి. రాబడిని వాయిదా వేయువాడును అట్లే మూడు లెక్కలు ముందుగా వ్రాసికొనవలెను: కొత్త గిరాకీ ఒక్కొక్కటికి ఖర్చెంత? అందులో ఎంత అతడు తుదకు చెల్లించును? అంతవరకు చేతిలోని ధనము నిలుచునా? ఇవి హైస్కూలు గణితమునకు మించిన లెక్కలు కావు. ఉపాధ్యాయులు వీనిని తరగతిలోనే చేయించినచో కొన్ని పొలములైనను నిలుచును.