జాగీర్లు పోయినయి... జాగీర్దారు బడి పోలే!

పోయిన ఏప్రిల్‌ల నాకు ఇంటర్వ్యూ జరిగింది. కొలువు కోసం గాదు. సర్కారు కొలువు దొరికి పదిహేడేండ్లయింది. నా బిడ్డను ఒకటో తరగతిల చేర్చుకునేటందుకు.

జిల్లా కేంద్రంల పేరుమోసిన బడి. ఏసీ గదిల ముగ్గురు కూసున్నరు. బిడ్డను పక్క గదికి తోలుకపోయి రంగులు, అంకెలు అడిగిండ్రు. నన్నూ నా భార్యనూ ఎదురుంగ కూసోబెట్టి ఏం చదివిండ్రు, ఏం చేస్తరు, సొంత ఇల్లా కిరాయి ఇల్లా అని అడిగిండ్రు. ఆఖరుకు ఒక మేడం "ఇంట్లో ఏ భాష మాట్లాడతారు?" అన్నది. తెలుగు అన్న. ఆమె నవ్వి "అది తెలుస్తూనే ఉందండీ. పాపతో ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడండి. లేకపోతే ఈ యాస వచ్చేస్తుంది" అన్నది.

ఏ యాస? 2011లో దీక్షా టెంటు కింద కూసోని ఏ యాస కోసం గొంతు చించుకున్నమో, ఆ యాస. సినిమాల్ల రౌడీలకు, జోకర్లకు పెడుతున్నరని ఎవల మీద మండిపడ్డమో, ఆ యాస. మరి ఆ మాట ఇని నేను లేచి బయటికి వచ్చిన్నా? రాలే. తల ఊపిన. ఫీజు కాగితం మడిచి జేబుల పెట్టుకున్న. ఏడాది ఫీజు నా రెండు నెలల జీతం. బస్సు వేరే, పుస్తకాలు వేరే, వారానికి మూడు తీర్ల డ్రెస్సులు వేరే.

ఇంటికొచ్చినంక సిగ్గయింది. ఆ సిగ్గుల నుంచే ఈ నాలుగు ముక్కలు రాస్తున్న. ఇందుల ఉన్న కోపం నా అసోంటి ఉద్యోగులందరి మీద. అందరికన్న ముందు నా మీద.

ఆ ఇంటర్వ్యూనే నేరం

విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. 13వ సెక్షన్ ఏమంటది? బడిల చేర్చుకునేటప్పుడు పిల్లనుగానీ తల్లిదండ్రులనుగానీ పరీక్ష పెట్టి ఏరొద్దు. ఏరితే మొదటిసారి 25 వేల దాకా, తర్వాత ప్రతిసారి 50 వేల దాకా జుర్మానా. డొనేషన్ వసూలు చేస్తే దానికి పదింతల దాకా జుర్మానా.

ఈ సంగతి మనకు తెల్వదా? ఆఫీసుల ఏ జీవో ఎప్పుడు వచ్చిందో నంబరుతోటి సహా నోటికి చెప్పెటోళ్లం. డీఏ ఒక్క నెల ఆగితే ఆర్డర్లు పట్టుకోని యూనియన్ ఆఫీసుకు ఉరికెటోళ్లం. అసోంటి మనమే ఆ గదిల చేతులు కట్టుకోని జవాబులు చెప్తున్నం. చట్టం తప్పుతున్నోడు కుర్చీల, చట్టం తెలిసినోడు ఎదురుంగ బెంచీ మీద!

జాగీర్దార్ల బడి నుంచి కార్పొరేట్ బడి దాకా

ఈ రోగం నిన్నమొన్నటిది గాదు. 1923లో నిజాం రాజ్యంల జాగీర్దార్ల కొడుకుల కోసం హైదరాబాదుల ఒక కాలేజీ పెట్టిండ్రు. పేరే జాగీర్దార్ కాలేజీ. రైతు బిడ్డకు, కూలోని బిడ్డకు అందుల జాగ లేదు. 1949లో జాగీర్లు రద్దయినయి. 1951లో ఆ కాలేజీ హైదరాబాద్ పబ్లిక్ స్కూల్ అయింది. జాగీర్దారు పోయిండుగానీ జాగీర్దారు పెట్టిన సూత్రం పోలే. 'నా కొడుకు నీ కొడుకు పక్కన కూసోవద్దు' అన్నదే ఆ సూత్రం. అయాల నవాబు చెప్పిన మాట ఇయాల మనం చెప్తున్నం. ఆయనకు జాగీరు ఉండె. మనకు ఈఎంఐ ఉన్నది. గంతే ఫరకు.

దీనికి మందు లేదా? ఎప్పుడో చెప్పిండ్రు. 1964-66ల డీఎస్ కొఠారి కమిషన్ ఉమ్మడి బడి పద్ధతి కావాలన్నది. ఏ వాడ పిల్లలు ఆ వాడ బడికే పోవాలె. కలెక్టరు బిడ్డయినా, చప్రాసి బిడ్డయినా, కులమేదైనా, మతమేదైనా ఒక్కటే బడి. పేదపిల్లలతోటి కలిసి పెరగని చదువు ఉన్నోళ్ల పిల్లలకు గూడ అసంపూర్తి చదువే అన్నది. దేశ ఆదాయంల ఆరు శాతం చదువుకు ఖర్చు పెట్టాలన్నది. 1968 జాతీయ విద్యా విధానం ఉమ్మడి బడిని ఒప్పుకున్నది. ఒప్పుకోని అటకెక్కించింది.

2015 ఆగస్టుల అలహాబాద్ హైకోర్టు ఇంకో మాట చెప్పింది. ఖజానా నుంచి జీతం తీసుకునే మంత్రులు, అధికారులు, జడ్జిలు, ఉద్యోగులు తమ పిల్లల్ని సర్కారు ప్రాథమిక బడికే పంపేటట్టు చూడాలని ఉత్తరప్రదేశ్ ప్రభుత్వాన్ని ఆదేశించింది. ఏమైంది? ఆ ఆదేశం కాగితం మీదనే ఉన్నది. అమలు చేయాల్సినోళ్ల పిల్లలే ఇంగో బడిల ఉంటే అమలెట్లయితది?

మనకాడ సంగతి ఇంకా సక్కగుంటది. ఎస్సీ, ఎస్టీ పిల్లలను లాటరీ తీసి, సర్కారే ఫీజు కట్టి ప్రైవేటు బళ్లకు పంపే స్కీము ఒకటి ఉన్నది. దాని పేరు 'బెస్ట్ అవైలబుల్ స్కూల్'. అంటే దొరికెటాట్ల మంచి బడి అని. పేరు పెట్టింది సర్కారే. మరి సర్కారు నడిపే బడిని ఏమనాలె? లాటరీల పేరు రాని పిల్ల ఏ బడికి పోవాలె?

సమ్మె బాకీ

మిత్రులారా, మనం ఒక బాకీ ఉన్నం. 2011 సెప్టెంబర్ 13న సకల జనుల సమ్మెకు దిగినం. 42 రోజులు. ఆఫీసులు బంద్, బస్సులు బంద్. సర్కారు టీచర్లు గూడ సమ్మెల ఉన్నరు. ఆ 42 రోజులు మన జీతం ఆగిందని, అప్పులు చేసి ఇల్లు గడిపినమని ఇయాల్టికీ చెప్పుకుంటం. మంచిదే. గర్వంగనే చెప్పుకోవాలె. కానీ ఆ రోజుల్ల సర్కారు బళ్లె చదివే పిల్లల పాఠాలు గూడ ఆగినయి. కూలోళ్ల పిల్లలు, ఆటో డ్రైవర్ల పిల్లలు, బీడీలు చుట్టే తల్లుల పిల్లలు. వాళ్లను ఎవలన్న అడిగిండ్రా? వాళ్ల తల్లిదండ్రులు ఒక్కనాడన్న మా పిల్లల చదువు పాడైతుందని మన టెంటు కాడికి వచ్చి లొల్లి పెట్టిండ్రా? పెట్టలే. వచ్చి మనతోటి కూసున్నరు. వంటలు వండి పెట్టిండ్రు.

2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. మన జీతాలు పెరిగినయి. పెరిగిన జీతం ఏడికి పోయింది? పోయి పోయి కార్పొరేట్ బడి కౌంటర్ల పడ్డది. వాళ్లకేమో కేజీ టు పీజీ ఉచిత విద్య అని 2014 ఎన్నికలల్ల ఒక వాగ్దానం వచ్చింది. ఐదో తరగతి నుంచి వందల గురుకులాలు వచ్చినయి, ఒప్పుకుందాం. మరి ఒకటో తరగతి నుంచి నాలుగో తరగతి దాకా? పునాది వేసేది ఏడ? వాడ బడిల. ఆ వాడ బడికి టీచరు కావాలంటే 2017 నోటిఫికేషన్ తర్వాత 2023 దాకా ఇంకో నోటిఫికేషన్ రాలే. అది రద్దయి 2024లో 11,062 పోస్టులతోటి మళ్ల పడ్డది. అన్ని ఏండ్లు ఉద్యోగ సంఘాలు ఎన్ని వినతిపత్రాలు ఇయ్యలే! పీఆర్సీ మీద ఇచ్చినయి, బదిలీల మీద ఇచ్చినయి. మన పిల్లలే ఆ బళ్లె ఉంటే ఆరేండ్లు ఊకుందుమా?

నల్లా చెప్పిన నిజం

నా భార్య ఊకెనే ఒప్పుకోలే. ఆమె మాటల నిజమున్నది, దాయను. "అందరి పిల్లలు ఆ బడికి పోతుంటే నీ ఉద్యమానికి నా బిడ్డనే దొరికిందా? వాడ బడిల మూత్రానికొస్తే పిల్ల యాడికి పోతది? ఫస్టు అది చూసొచ్చి, అప్పుడు మాట్లాడు" అన్నది.

పోయి చూసిన. రెండు గదులు, ఇద్దరు టీచర్లు, ఐదు తరగతులు, 19 మంది పిల్లలు. మరుగుదొడ్డికి తాళం, ఎందుకంటే నీళ్లు లేవు. 2022లో 7,289 కోట్లతోటి 'మన ఊరు - మన బడి' అని మొదలుపెట్టిండ్రు గదా, అది ఈ వాడ దాకా రాలే. హెడ్మాస్టరు సారు చెడ్డోడు గాదు. నల్లా కనెక్షన్ కోసం మూడేండ్ల సంది దరఖాస్తు రాస్తనే ఉన్నడు. నకళ్లన్ని ఫైలు చేసి పెట్టిండు. చూపెట్టిండు.

ఆమె మాటే రైటు అనిపించింది. ఒక్క పిల్లను తెచ్చి ఈడ చేరిస్తే అది త్యాగం. పిల్ల చేసేది, మనం చెప్పుకునేది. అసోంటి త్యాగం ఎవలూ చేయొద్దు. అందుకే ఉద్యమంల నేర్చుకున్న పనే చేసినం. ఇల్లిల్లు తిరిగినం. మా గల్లీల ఉద్యోగుల ఇండ్లు, చిన్న పిల్లలున్నయి, పదకొండు తేలినయి. రెవెన్యూ, ఆర్టీసీ, కరెంటు, పంచాయతీరాజ్, ఇద్దరు టీచర్లు గూడ. అందరిని మా ఇంట్ల కూసోబెట్టినం. పోతే అందరం పోవాలె, లేకపోతే ఎవలం వద్దు అనుకున్నం. నలుగురు ఆఖరి నిమిషంల వెనుకకు పోయిండ్రు. అందుల ఒకరు టీచరే. ఏడిండ్లు నిలవడ్డయి. నిలవడ్డ టీచరు "నేను చెప్పే బడి మీద నాకే నమ్మకం లేకుంటే ఏం మొఖం పెట్టుకోని చెప్పాలె అన్నా" అన్నడు.

జూన్‌ల బడిబాట కంటే ముందే నల్లా కోసం మేం ఒక దరఖాస్తు పెట్టినం. కింద ఏడుగురు సర్కారు ఉద్యోగుల సంతకాలు, హోదాలతోటి సహా. మూడు వారాల్ల నల్లా వచ్చింది. హెడ్మాస్టరు మూడేండ్లు రాసినా కదలని ఫైలు మూడు వారాల్ల కదిలింది!

సంబురపడాల్నా? నేను పడలే. ఆ 19 మంది పిల్లల తల్లులు అడిగితే రాని నీళ్లు మేం అడిగితే వచ్చినయి. అంటే ఇన్నేండ్లు ఆ బడికి లేనిది పైసలొక్కటే గాదు. అడిగే నోరు లేదు. ఆ నోరు మనమే. బడి ఇడిసి పోయేటప్పుడు మన పిల్లనొక్కదాన్నే తీస్కపోలే, ఆ నోరును గూడ తీస్కపోయినం. ఆ తర్వాత 'సర్కారు బడి పాడైంది, అందుకే పంపుతలేం' అంటున్నం. పాడైందని పోయినమా, పోయినమని పాడైందా?

"మరి ఇంగ్లీషో?"

ఈ ప్రశ్న రాకుండ ఉండదు. ఇంగ్లీషు వద్దని నేను అంటలేను. పేదపిల్లకు తెలుగే చాలని చెప్పి మన పిల్లకు ఇంగ్లీషు కొనిపెట్టుడు దొంగ మాట. 2022-23 నుంచి సర్కారు బళ్లల్ల గూడ ఇంగ్లీషు మీడియం మొదలైంది. రెండు భాషల పుస్తకం ఒక్కటే. టీచర్లకు తర్ఫీదు సరిపోతలేదా? అడుగుదాం. చట్టం ప్రకారం ప్రాథమిక బడిల 30 మంది పిల్లలకు ఒక టీచరు ఉండాలె, పిల్లలు ఎంత తక్కువున్నా ఇద్దరు టీచర్లు తగ్గొద్దు. ఉన్నరా? అడుగుదాం. పిల్లలు తక్కువైతే బడిని పక్క బడిల కలిపేస్తమంటరు. పిల్లల్ని తగ్గించింది ఎవలు? మనమే.

ఇగ పక్కింటి పిల్లలతోటి కూసుంటే 'ఆ మాటలు వస్తయి' అనే భయం. ఏ మాటలు? మీ నాయిన మాట్లాడిన మాటలే. మీ అమ్మ జోల పాడిన మాటలే. పాలమూరు నుంచి బొంబాయి పోయిన వలస కూలీ మాట మీద పాటలు కట్టి స్టేజీల మీద పాడినం గదా! ఆ కూలీ బిడ్డ పక్కన మన బిడ్డ కూసుంటే అంత భయమెందుకు?

చేయాల్సింది ఇదీ

అన్నలారా, అక్కలారా, ఒక్కరు పోవద్దు. మీ గల్లీల, మీ కాలనీల పది ఇండ్లు కలవండి. ముందు బడిని పోయి చూడండి. ఏం లేదో రాసుకోండి. విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ కింద సర్కారు బడికి యాజమాన్య కమిటీ ఉండాలె. అందుల మూడొంతుల మీద, 75 శాతం, పిల్లల తల్లిదండ్రులే ఉండాలె, సగం మంది ఆడవాళ్లుండాలె. ఆ కమిటీకి బడి అభివృద్ధి ప్రణాళిక రాసే హక్కున్నది, వచ్చిన పైసల లెక్క చూసే హక్కున్నది. ప్రైవేటు బడిల ఫీజు కట్టే తండ్రికి గేటు దాటి లోపటికి పోయే హక్కు గూడ లేదు!

కమిటీల కూసున్నప్పుడు ఒకటి యాదుంచుకోండి. మనం పెద్దరికం చేసేటందుకు పోతలేం. ఏండ్ల సంది ఆ బడిని ఇడువకుండ పట్టుకోని ఉన్నది కూలి తల్లులే. మొదటి మాట వాళ్లది కావాలె, మన సంతకం వాళ్ల మాట కింద పడాలె.

విద్యార్థి మిత్రులారా, ఉస్మానియాల, కాకతీయల మీరు అడగండి. ఉద్యోగ సంఘాల మహాసభలకు మైకులు, ఫ్లెక్సీలు కట్టినప్పుడు లీడర్లను ఒక్క ప్రశ్న అడగండి: 'సారూ, మీ మనుమడు ఏ బడి?' కలెక్టరు బిడ్డను అంగన్‌వాడీల చేర్పిస్తే పేపర్ల ఫోటో వేస్తున్నరు. అది వార్త అవుడే మనకు తలవంపు.

నా బిడ్డ ఇప్పుడు వాడ బడికే పోతున్నది. అన్నీ మంచిగైనయని అబద్ధం చెప్పను. ఒక టీచరు సెలవు పెడితే ఐదు తరగతులు ఒక్క గదిలనే కూసుంటున్నయి. మూడో టీచరు కోసం తిరుగుతనే ఉన్నం. కానీ మొన్న సాయంత్రం బిడ్డ ఇంటికొచ్చి, పక్కన కూసునే దోస్తు అమ్మ బీడీలు ఎట్ల చుడుతదో చేతులతోటి చేసి చూపెట్టింది. ఆ ఏసీ గదిల బడిల ఇది ఏ పుస్తకంల నేర్పుతరు?

రాష్ట్రం కోసం రోడ్డెక్కినప్పుడు 'అందరం ఒక్కటే' అన్నం. ఆ మాట నిజమో అబద్ధమో జూన్‌ల బడి గంట కొట్టినప్పుడు తేలుతది.