చేతిపని చదువు ఎవరి పిల్లలకు?

పదో తరగతి ఫలితాలొచ్చిన రోజు మా బ్యాచ్ వాళ్ళం మళ్ళీ హాస్టలు దగ్గరికే చేరాం. లెక్కలు తప్పిన నా పక్క ట్రంకుపెట్టె మిత్రుణ్ణి చూసి ఒక మాస్టారు "నీకెందుకురా చదువు, ఏదైనా చేతిపని నేర్చుకో" అన్నారు. వాడి తాతా తండ్రీ చేసింది చేతిపనే. దాన్నుంచి బయటపడాలనే వాడు హాస్టలుకొచ్చాడు. మా ఇంట్లో డిగ్రీ చూసిన మొదటివాణ్ణి నేను. ఆ రోజు నాకూ లెక్కల్లో నాలుగు మార్కులు తగ్గి ఉంటే?

ఎం.ఏ.లో సెమినార్ పేపరు కోసం ఇంగ్లండు వృత్తివిద్య గురించి చదువుతుంటే ఆ మాటే గుర్తొచ్చింది. యార్క్‌షైర్‌లో కీత్లీ అని ఒక పట్టణం ఉంది. (స్పెల్లింగు చూసి కీగ్లీ అని చదివి నవ్వులపాలయ్యాను.) ఉన్ని మిల్లుల ఊరు. అక్కడ 1825లోనే మెకానిక్స్ ఇన్‌స్టిట్యూట్ పెట్టారు. పగలు పనిచేసేవాళ్ళకు క్లాసులు, పుస్తకాలు అందించే చోటు అది. ఆ ఊరి మిల్లు యజమాని స్వైర్ స్మిత్, 1881లో సాంకేతిక విద్య మీద వేసిన రాయల్ కమిషన్‌లో సభ్యుడు. ఇప్పటి కీత్లీ కాలేజీకి మూలాలు అక్కడున్నాయి. ఇంజనీరింగు, నిర్మాణ పనులు, పిల్లల సంరక్షణ వంటివి నేర్పుతారు. 1950, 60లలో పాకిస్తాన్ నుంచి ఆ మిల్లుల్లో పనికి వెళ్ళినవాళ్ళ మనవలు ఊళ్ళోనే ఉన్నారు. మిల్లులే చాలావరకు మూతబడ్డాయి.

నాకు నచ్చింది భవనాలూ యంత్రాలూ కాదు. అక్కడ పదహారేళ్ళకు రాసే జి.సి.ఎస్.ఇ. మన టెన్త్ లాంటిది. ఇంగ్లీషు, లెక్కల్లో పాస్ గ్రేడు రాకపోతే, ప్లంబింగులో చేరినా సరే, 2014 నుంచి ఆ సబ్జెక్టులు కూడా చదవాల్సిందే. పద్దెనిమిది దాకా ఫీజు లేదు. పెద్దయ్యాక వచ్చినా ఆ రెండూ ఉచితంగా నేర్చుకోవచ్చు. బి.టెక్. అని పలికే కోర్సొకటి ఉంది, మన బి.టెక్. కాదు, అందులో మూడో లెవెల్ పూర్తిచేసి యూనివర్సిటీకి వెళ్ళేవాళ్ళున్నారు. అంటే చేతిపని నేర్చినంత మాత్రాన పై తలుపు మూసుకోదు. మన దగ్గరా పాలిటెక్నిక్ వాళ్ళు ఈసెట్ రాసి ఇంజనీరింగు రెండో ఏడాదిలో చేరవచ్చు. కానీ లెక్కలు తప్పినవాడికి ఈ దారి చెప్పిందెవరు?

అక్కడంతా బాగుందని నేననను. మళ్ళీ రాసినవాళ్ళలో ఎక్కువమంది మళ్ళీ తప్పుతున్నారు. 2004లో పేద పిల్లలకు, క్లాసుకు సక్రమంగా వస్తే, వారానికి 30 పౌండ్ల దాకా ఇచ్చే భృతి పెట్టారు. మన కాస్మెటిక్ చార్జీల లాంటిదే అనుకోండి. 2011లో ఇంగ్లండులో అదీ తీసేశారు. ఉన్నవాళ్ళ పిల్లలకు యూనివర్సిటీ, మిగతావాళ్ళకు కాలేజీ అనే చూపు అక్కడా ఉంది. కులం పేరు లేదు గానీ వర్గం ఉంది.

చేతిపనిని నేను చిన్నచూపు చూడడం లేదు. డాక్టరు గారి అబ్బాయి లెక్కలు తప్పితే ట్యూషన్ పెట్టిస్తారు, మా వాడు తప్పితే చేతిపని చూపిస్తారు. నా తగాదా దాంతోనే. మా వాడు ఇప్పుడు హైదరాబాదులో వైరింగు పని చేస్తున్నాడు. పనిమంతుడు. లెక్కలు మాత్రం ఇంకా రాయలేదు, ఈసారి రాస్తానన్నాడు.

వేసవిలో హాస్టలు మూసి ఉంటుంది కనుక, ఫలితాల నుంచి అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ దాకా ఒక గది ఇమ్మని వార్డెన్ గారిని అడిగాను. సరేనన్నారు. లెక్కలు నేను చెప్తాను. ఇంగ్లీషు, సైన్సు చెప్పగల పూర్వ విద్యార్థులు వార్డెన్ గారి దగ్గర పేరు రాయించండి.