అద్దం కోసే యంత్రం, కొలత తీసే మనిషి

తెలుగులో మనం పండును కోస్తాం, వరిని కోస్తాం, అద్దాన్నీ కోస్తాం. మొదటి రెంటికీ ఆ క్రియ అతికినట్టు సరిపోతుంది. మూడవదానికి సరిపోదు. అద్దాన్ని ఇంతవరకూ ఎవరూ కోయలేదు. దాని మీద ఒక గీత గీస్తారు, ఆ గీత వెంట విరుస్తారు. పనిముట్టు చేసేదల్లా పైపైన ఒక వెంట్రుకవాసి పగులు కల్పించడమే. తక్కిన పని గాజు తానే చేసుకుంటుంది. కాస్త వంచితే ఆ పగులు మందమంతా దిగి పలక రెండవుతుంది. అంత చిన్న పగులు అంత గట్టి పదార్థాన్ని ఎలా ఓడిస్తుందో ఏ.ఏ. గ్రిఫిత్ అనే ఆంగ్ల ఇంజనీరు గాజు మీదే ప్రయోగాలు చేసి, 1921లో ప్రచురితమైన వ్యాసంలో వివరించాడు. మన ఊళ్ళలో పటాలు కట్టేవారు ఆ వ్యాసంతో నిమిత్తం లేకుండానే ఆ సూత్రంతో బ్రతుకు వెళ్ళదీశారు.

ఈ టపా ఆ గీతను గురించి. అది మనిషి చేతినుండి యంత్రానికి బదిలీ అయినప్పుడు దానితో పాటు వెళ్ళిపోయినదేమిటో, వెళ్ళకుండా మనిషి నెత్తినే మిగిలిపోయినదేమిటో చెప్పాలని వ్రాస్తున్నాను. ఇందులో నా తప్పు కూడా ఒకటి ఉంది. దాన్ని దాచుకుని వ్రాయడం న్యాయం కాదు.

నా చిన్నతనంలో నందిగామలో ఒక పటాల కొట్టు ఉండేది. వేంకటేశ్వరస్వామి పటమైనా, పెళ్ళి ఫోటో అయినా, పెద్దవాళ్ళు పోయాక గోడకు తగిలించే ఫోటో అయినా అక్కడికే వెళ్ళేవాళ్ళం. బల్ల మీద పాత దుప్పటి, దుప్పటి మీద అద్దం, పక్కన ఒక చెక్కబద్ద, ఒక కిరసనాయిలు సీసా. కొట్టు యజమాని చేతిలోని పనిముట్టు చెక్కపిడి కొసన వజ్రపు రవ్వ పొదిగినది. ఆయన దాన్ని "డైమండు" అనేవారు. బద్ద ఆనించి ఒక్కసారి లాగితే కొత్త బట్ట చీరినట్టు సన్నని చప్పుడు వచ్చేది. గీత సరిగ్గా పడిందీ లేనిదీ ఆయన చూసి కాదు, విని చెప్పేవారు. చప్పుడు మధ్యలో తెగితే ఆ చోట విరుపు దారి తప్పుతుంది. ఒకసారి గీసిన గీత మీద రెండవసారి గీయకూడదు. గీశాక ఆలస్యం చేయకుండా విరవాలి.

చిత్రమేమిటంటే ఆ నేల వజ్రాలకు పేరుపడ్డ నేల. నందిగామకు దగ్గరలోని పరిటాల గోలకొండ నవాబుల కాలపు వజ్రాల గనుల ఊరు. చందర్లపాడు మండలంలోని గుడిమెట్లలో నేటికీ తొలకరి వానలు పడగానే జనం వజ్రం దొరుకుతుందేమోనని చేలూ దిబ్బలూ వెదుకుతారు. మా కృష్ణా జిల్లా మెట్టలో (2022 ఏప్రిల్ నుండి ఇది ఎన్‌టీఆర్ జిల్లా) వజ్రం దొరికినవాడి కథలు ఎన్నో విన్నాను. వజ్రంతో రోజూ పని చేసి, చేతికి గాట్లు తప్ప మరేమీ మిగుల్చుకోని మనిషి కథ ఎవరూ చెప్పలేదు.

ఆ చేతిపనిలో ఒక వెసులుబాటు ఉండేది. తప్పు దిద్దుకోవచ్చు. కిటికీకి కోసిన పలక అరంగుళం పొట్టిదైతే అది అలమారాకు వచ్చేది. అలమారాకు చాలనిది పటానికి, పటానికి చాలనిది పాస్‌పోర్టు సైజు ఫోటోకు. కొట్టు వెనుక గోడకు ఆనించిన ముక్కలన్నీ ఒకప్పటి పొరపాట్లే, రేపటి సరుకూ అవే. ఆ పనిలో పొరపాటు ఖరీదు చాలా తక్కువ.

ఇక యంత్రం సంగతి. దానికి ముందు గాజే మారింది. కరిగిన గాజును కరిగిన తగరం మీద పరుగెత్తించి, రెండు వైపులా నున్నగా సమంగా ఉండే పలకను తీసే ఫ్లోట్ పద్ధతిని ఇంగ్లండులోని పిల్కింగ్టన్ సంస్థ 1959లో లోకానికి ప్రకటించింది. మన దక్షిణాదిలో చెన్నై దగ్గరి శ్రీపెరుంబుదూరులో సెయింట్ గోబెయిన్ సంస్థ కర్మాగారం 2000లో మొదలయింది. మందంలో తేడాలు లేని పెద్ద పలకలు విరివిగా దొరికితేనే యంత్రానికి పని అప్పగించడం సాధ్యం.

అంకెల ఆజ్ఞలతో నడిచే కోతయంత్రానికి అమెరికాలోని ఎం.ఐ.టి.లో 1952లో తొలి ప్రదర్శన జరిగింది. అది లోహం చెక్కే యంత్రం. గాజు పనికి ఆ పద్ధతి తరువాత వచ్చింది. "సంఖ్యానియంత్రిత యంత్రం" అని నేను అనువదించుకున్నాను గానీ, కర్మాగారంలో ఆ మాట అంటే ఎవరికీ తెలియలేదు. అందరూ సి.ఎన్‌.సి. అనే అంటారు. కనుక నేనూ అదే అంటాను.

విజయవాడ వైపున్న ఒక కర్మాగారంలో దాన్ని చాలాసేపు నిలబడి చూశాను. పెద్ద బల్ల, దాని నిండా సన్నని రంధ్రాలు. వాటిలోంచి గాలి ఎగదన్నుతుంటే పన్నెండడుగుల పలక బల్ల మీద తేలుతూ, ఒక మనిషి వేలితో తోస్తే కదులుతుంది. పైన అడ్డంగా ఒక వంతెన, దానికి అటూ ఇటూ పరుగెత్తే తల, తల కింద టంగ్‌స్టన్ కార్బైడు చక్రం. గాజు మందాన్ని బట్టి చక్రం ఒత్తిడి మారుతుంది. చక్రం అంచు కోణం కూడా పలుచని గాజుకు ఒకటి, మందపు గాజుకు మరొకటి. నూనె దానంతట అదే జారుతుంది. ఒకే పలకలో పది ఇళ్ళ కిటికీలను తక్కువ వృథాతో ఎలా సర్దాలో కంప్యూటరు ముందే లెక్క కడుతుంది.

ఆ సర్దుబాటులో నన్ను ఆకట్టుకున్న విషయం ఒకటుంది. కంప్యూటరు తన ఇష్టం వచ్చినట్టు ముక్కలను పేర్చలేదు. గాజు విరుపు ఒక అంచున మొదలైతే మరో అంచుకు చేరవలసిందే, నడిమధ్యలో ఆగి మలుపు తిరగదు. కనుక ముందు పలకను ఆ కొస నుండి ఈ కొసకు చీలికలుగా, తరువాత ఒక్కో చీలికను అడ్డంగా, అవసరమైతే ఆ ముక్కలను మళ్ళీ నిలువుగా విభజించాలి. నందిగామ కొట్టులో దుప్పటి మీద అద్దం పరచుకుని ఆ పెద్దాయన పాటించిన వరుస కూడా ఇదే. చేయి మారింది కానీ గాజు స్వభావం మారలేదు. అంచులు నునుపు చేసే యంత్రం దగ్గర నీటి ధార కింద తిరిగే చక్రాలకూ వజ్రపు పొడే పొదిగి ఉంది. రంధ్రం వేసేటప్పుడు పెచ్చు ఊడకుండా రెండు వైపుల నుండీ తొలుస్తారు.

ఇంతవరకూ నాకు యంత్రంతో పేచీ లేదు. చేతిపని అంతరించిపోతోందని మనలో కొందరు కన్నీరు పెట్టుకుంటూ వ్రాస్తారు. పన్నెండు మిల్లీమీటర్ల మందమున్న తలుపు, ఏడడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పు అయితే 58 కిలోలకు పైనే తూగుతుంది. దాన్ని దుప్పటి మీద వేసి చేతితో విరిచి, అంచులు రాయితో అరగదీయమని ఎవరినైనా అడగడం దయ కాదు. ఆ కన్నీరు పెట్టేవారిలో చేతికి కుట్లు పడినవారు తక్కువ.

పేచీ తరువాతి మెట్టు దగ్గర వస్తుంది. ఇప్పుడు దుకాణాల ముందు తలుపులకూ, స్నానాల గదుల అడ్డుగోడలకూ, మేడమెట్ల పక్కలకూ టఫెన్డ్ గ్లాసు వాడుతున్నాం. కోసి, అంచులు నునుపు చేసి, రంధ్రాలు వేసిన పలకను 620 డిగ్రీల సెల్సియస్‌కు పైగా వేడి చేసి, రెండు వైపులా గాలి ఊది ఒక్కసారిగా చల్లబరుస్తారు. పైపొర ముందు గట్టిపడుతుంది. లోపలిది ఆలస్యంగా చల్లారి ముడుచుకుంటూ పైపొరను బిగదీస్తుంది. ఆ బిగువు వలన మామూలు గాజు కంటే నాలుగైదు రెట్లు బలం వస్తుంది. పగిలితే కత్తుల్లాంటి ముక్కలు కాక మొద్దు పలుకులుగా రాలుతుంది. మంచిదే. కానీ ఆ తరువాత దాన్ని ఇక కోయలేము, తొలచలేము, ఒక్క మిల్లీమీటరు కూడా తగ్గించలేము. ఎక్కడ గీసినా బిగువు తెగి మొత్తం పలక పలుకులవుతుంది.

అంటే, పాత కొట్టులోని వెసులుబాటు పోయింది. పొరపాటు ముక్క మరొక పనికి వచ్చే రోజు పోయింది. పలక బట్టీలోకి పోకముందే అన్నీ ఖాయం కావాలి. అన్నీ అంటే ఆఖరికి ఒక్కటే, కొలత. యంత్రం తనకు చెప్పిన అంకెను మిల్లీమీటరులో చిన్న వంతు తేడా లేకుండా పాటిస్తుంది. ఆ అంకె తప్పయితే తప్పును కూడా అంతే కచ్చితంగా పాటిస్తుంది.

ఇప్పుడు నా తప్పు చెబుతాను. మా పెదనాన్నగారి అబ్బాయి జగ్గయ్యపేటలో బట్టల కొట్టు పెడుతూ ముందు భాగానికి గాజు తలుపు పెట్టించాలనుకున్నాడు. పని చూసే బాధ్యత నాది. పేటలోనే చిన్న అద్దాల దుకాణం నడిపే ఒకాయనకు అప్పగించాము. ఆయన కొలిచి పంపితే కర్మాగారంలో యంత్రం కోసి, టఫెన్ చేసి పంపుతుంది. తిరిగి ఆయనే బిగిస్తారు. కొలతకు వచ్చే ముందు ఆయన ఫోనులో అడిగారు.

"నేల పనంతా అయిపోయినట్టేనా బాబూ?"

"అయిపోయినట్టే బాబాయ్, వచ్చి కొలుచుకోండి."

"అయిపోయింది" అనలేదు. "అయిపోయినట్టే" అన్నాను. తెలుగులో ఈ రెంటి మధ్య ఉన్న దూరం ఎంతో ఆ రోజు నాకు తట్టలేదు. ఆయన వచ్చి పైన, మధ్యన, కింద మూడు చోట్ల వెడల్పు, రెండు పక్కలా ఎత్తు, గోడ నిలువు, అన్నీ చూసి వ్రాసుకుని వెళ్ళారు. వారం తిరగకముందే మా అన్నయ్య మనసు మార్చుకుని గడప దగ్గర గ్రానైటు పరిపించాడు. ఆ సంగతి ఆయనకు చెప్పాలని మా ఇద్దరికీ తోచలేదు. తలుపు వచ్చింది. ఆయన వ్రాసిన అంకెకు అణువంత తేడా లేదు. గుమ్మంలో మాత్రం పట్టలేదు.

"కొలత మీరు తీసిందేగా" అన్నాడు అన్నయ్య. నేను పక్కనే నిలబడి ఉన్నాను. ఫోనులో ఏమన్నానో నాకు గుర్తుంది. నోరు విప్పలేదు. ఆయన కాసేపు గడప వంక చూసి, "నాదే బాబూ" అన్నారు. రెండవ తలుపు తన డబ్బుతో చేయించి బిగించారు. మొదటిది ఆయన దుకాణంలో గోడకు ఆనించి ఉంది. దానికి సరిపోయే గుమ్మం కోసం ఎదురు చూడటం తప్ప ఎవరూ చేయగలిగింది లేదు.

"కొలత తప్పితే కొలిచినవాడే భరించాలి, ఇందులో అన్యాయమేముంది?" అని మీరు అడగవచ్చు. యంత్రం పెట్టినవాడు తనకిచ్చిన అంకెకు పూచీ పడతాడు, అది ఒప్పుకోదగినదే. ఇల్లు కట్టించేవాడు తన గోడలకూ నేలకూ పూచీ పడాలి కదా. పడడు. మధ్యనున్న టేపు మనిషికి కొలత తీసినందుకు విడిగా రూపాయి ముట్టదు, అది "బిగింపులో కలిసిపోయిన పని". కూలి లేని పనికి జరిమానా మాత్రం ఉంది. స్వయంచాలక యంత్రం నైపుణ్యాన్ని తొలగించిందని చెప్పుకుంటున్నాము. నేను చూసినంతలో అది నైపుణ్యాన్ని చేతినుండి టేపుకు మార్చింది, పొరపాటు ఖరీదును పెంచింది, పెరిగిన ఖరీదును ఆ వరుసలో అందరికంటే చిన్నవాడి మీద పెట్టింది. నా వాదమంతా ఇంతే.

టఫెన్డ్ గ్లాసు మూలన చెరిగిపోని చిన్న ముద్ర ఒకటుంటుంది. చేసిన కర్మాగారం పేరు అందులో ఉంటుంది. కొలిచినవాడి పేరు ఎక్కడా ఉండదు. అదే జగ్గయ్యపేటలో ధనంబోడు అనే గుట్ట మీద ఒక బౌద్ధ స్తూపం అవశేషాలున్నాయి. 1882లో జేమ్స్ బర్జెస్ దాన్ని పరిశోధించాడు. అక్కడ దొరికిన శాసనాలలో ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని ఇరవయ్యవ పాలనా సంవత్సరం నాటివి ఉన్నాయి. సిద్ధార్థుడనే పనివాడు ఐదు ఆయకస్తంభాలను సమర్పించినట్టు వాటిలో ఉంది. అతన్ని "ఆవేసని" అన్నారు. పనివారి పెద్ద, శిల్పి అని అర్థం. రాజు పేరుతో పాటు పనివాడి పేరూ, వృత్తీ పదిహేడు వందల ఏళ్ళ క్రితం ఈ ఊరి రాతి మీదకు ఎక్కాయి. సిద్ధార్థుడు దాత కనుక ఎక్కాడనుకున్నా, దానం చేయగల స్థితిలో ఒక పనివాడు ఉన్నాడన్న మాట మిగులుతుంది.

గాజు మూలన కొలిచినవాడి పేరు చెక్కమని నేను కోరడం లేదు. కోరేవి మూడు చిన్న సంగతులు. కొలతకు విడిగా కూలి కట్టాలి, బిల్లులో అది విడిగా కనపడాలి. కొలత కాగితం మీద తేదీ వేసి, ఆ నాటికి నేల, గోడ పని పూర్తయిందని ఇంటివారు సంతకం చేయాలి. ఆ తరువాత ఇంటివారు ఏది మార్చినా ఖర్చు ఇంటివారిదే. మూడవది, పారిశ్రామిక శిక్షణ సంస్థల్లో ఫిట్టరుకూ ఎలక్ట్రీషియనుకూ నేర్పుతున్నట్టే ఈ కొలతలు తీయడం, యంత్రానికి పంపే పటం గీయడం నేర్పాలి. అప్పుడు పేటలో, నందిగామలో టేపు పట్టుకున్న కుర్రవాడు రేపు ఆ యంత్రం ముందు కూర్చోగలుగుతాడు.

నా బాకీ మాట. ఇది వ్రాయడానికి ముందు పేటకు వెళ్ళి ఫోను సంగతి అన్నయ్యకు ఆయన ఎదుటే చెప్పాను. ఆ తలుపు ఖరీదు ఇద్దరం చెరిసగం ఇచ్చాము. ఆయన లెక్క పెట్టుకుని జేబులో పెట్టుకున్నారు, పెద్దగా ఏమీ అనలేదు. అనవలసిన అవసరమూ లేదు, అది ఆయన డబ్బు. త్వరలో ఇంటికి గాజు తలుపు పెట్టించుకోబోతున్న మిత్రులెవరైనా ఇది చదువుతుంటే ఒక్క మనవి. నేల పని అయిపోయిందా అని ఎవరైనా అడిగితే, "అయిపోయినట్టే" అనకండి.