పై అంతస్తు కరెంటు బిల్లు ఎవరిది?

అద్దె ఇంట్లో చల్లదనానికయ్యే ఖర్చు ఎవరు భరించాలని అడిగితే హైదరాబాద్‌లో వినిపించే జవాబు ఒక్కటే: ఏసీ వేసుకున్నవాళ్లే బిల్లు కట్టుకోవాలి. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ మీటరులో తిరిగే యూనిట్లన్నీ అద్దెదారు సుఖానికే ఖర్చవుతున్నాయన్న ఊహ మీద ఆ న్యాయం నిలబడి ఉంది. ఆ ఊహ తప్పు.

కాంక్రీటు స్లాబు పగలంతా ఎండకు కాగి, ఆ వేడిని సాయంత్రం నుంచి గదిలోకి వదులుతుంది. రాత్రి పదింటికి బయట గాలి చల్లబడినా సీలింగు చల్లబడదు. పై అంతస్తు పోర్షన్‌లో ఏసీ ముందుగా ఆ వేడిని బయటికి తోడాలి, మనుషుల సంగతి ఆ తర్వాత. అదే ప్లానులో కట్టిన కింది పోర్షన్‌లో చాలా రాత్రులు ఫ్యానుతోనే గడిచిపోతాయి. పడమటి కిటికీకి సజ్జ లేకపోయినా, పైన రేకుల కప్పు ఉన్నా ఇక చెప్పనక్కర్లేదు. ఇవన్నీ కట్టేటప్పుడు ఓనరు తీసుకున్న నిర్ణయాలు. వాటి ఖర్చు మాత్రం ఏటా వేసవిలో అద్దెదారు పేరిట వస్తుంది.

ఆ ఖర్చు చిన్నదేమీ కాదు. ఒకటిన్నర టన్నుల ఏసీ రాత్రికి ఎనిమిది గంటలు నడిస్తే ఎనిమిది నుంచి పది యూనిట్లు కాలుతుంది, నెలకు 240 పైమాటే. తెలంగాణలో 2022 ఏప్రిల్‌లో వచ్చిన గృహ టారిఫ్ ప్రకారం వాడకం 200 యూనిట్లు దాటితే మొదటి యూనిట్ నుంచే రూ. 5.10 పడుతుంది. 200 యూనిట్లకు ఎనర్జీ చార్జీ రూ. 820 అయితే, 201వ యూనిట్‌తో అది రూ. 1,027.70కు ఎగబాకుతుంది. 2024 మార్చి నుంచి అమలవుతున్న గృహజ్యోతి పథకం లబ్ధిదారులకు తగిలే దెబ్బ ఇంకా పెద్దది: 200 యూనిట్ల వరకు జీరో బిల్లు, ఒక్క యూనిట్ దాటినా మొత్తం కట్టాలి. పేద అద్దెదారుకు ప్రభుత్వమిచ్చిన రాయితీని మే నెలలో ఓనరు స్లాబు మింగేస్తోందన్నమాట. మూడు పోర్షన్లకు ఒకే మీటరు ఉన్నచోట అందరి వాడకమూ కలిసి పై టారిఫ్ స్లాబు రేటులోకి పోతుంది. సబ్‌మీటరు పెట్టి ఓనరు చెప్పిందే రేటు అనే ఇళ్లకూ కొదవ లేదు.

అంత ఇబ్బందైతే అద్దెదారే డాబాకు ఎండను తిప్పికొట్టే కూల్ పెయింట్ వేయించుకోవచ్చు కదా అంటారు. పదకొండు నెలల అగ్రిమెంటు మీద ఉండేవారు, తమది కాని డాబాకు ఎందుకు వేయిస్తారు? ఏసీ పైపు కోసం గోడకు కన్నం పెట్టాలన్నా ఓనరు అనుమతి కావాలి. కేంద్రం 2021లో తెచ్చిన నమూనా అద్దె చట్టం, వేరే ఒప్పందం లేకుంటే కట్టడం మరమ్మతులూ గోడల సున్నాలూ ఓనరు బాధ్యతేనంటుంది. నగరంలో ఆనవాయితీ దీనికి తలకిందులు. ఖాళీ చేసే రోజు పెయింటింగ్ పేరుతో అడ్వాన్సులో ఒక నెల అద్దె కోస్తారు. ఆ డబ్బు లోపలి గోడలకు పోతుంది, ఎండ పడే కప్పుకు పైసా రాదు.

బిల్లు ఓనరు కడితే ఏసీ ఎవరూ కట్టెయ్యరన్న వాదనలో నిజముంది. ఏసీ ఎన్ని గంటలు నడపాలన్నది అద్దెదారు చేతిలోని పని, దాని ఖర్చు వారిదే. కట్టడం లోపం వల్ల పెరిగే వాడకం వేరు. ఈ రెంటినీ విడదీయడం అసాధ్యమేమీ కాదు. జర్మనీలో 2023 నుంచి ఇల్లు వెచ్చబెట్టే ఇంధనంపై పడే కార్బన్ రుసుమును ఇద్దరికీ పంచుతున్నారు. ఇల్లు ఎంత నాసిరకమైతే ఓనరు వాటా అంత ఎక్కువ, అది 95 శాతం దాకా పోతుంది.

ఓనరు మీద భారం వేస్తే అద్దె పెరుగుతుందన్నది మిగిలిన అభ్యంతరం. కూల్ పెయింట్‌కు చదరపు మీటరుకు సుమారు 300 రూపాయలు అనుకుంటే వంద చదరపు మీటర్ల డాబాకు 30 వేలు. సున్నమైతే ఇంకా తక్కువ. అద్దె పెంచడానికి ఆ మొత్తం చాలిన కారణం కాదు. ఏరియాకు గిరాకీ ఉంటే ఓనర్లు ఏ పెయింటూ వేయించకుండానే ఏటా పెంచుతున్నారు.

2023 ఏప్రిల్‌లో వచ్చిన తెలంగాణ కూల్ రూఫ్ విధానం ఇళ్ల విషయంలో 600 గజాలు, అంతకు మించిన స్థలాల్లో కట్టేవాటికే చల్లని కప్పును తప్పనిసరి చేసి, మిగతావారి ఇష్టానికి వదిలింది. అద్దె పోర్షన్లు ఎక్కువగా ఉండేది వంద, రెండు వందల గజాల స్థలాల్లోనే. అద్దెకిచ్చే ఇళ్ల వరకైనా ప్రభుత్వం ఆ హద్దు తీసేయాలి.