ఆట ఆపలేదు

మా వీధిలో ఎవరైనా పోతే శవం లేచేదాకా రామాలయం తలుపులు తీసేవారు కాదు. పక్కిళ్ళలో పొయ్యి రాజేసేవారు కాదు. పోయినవాడు ఊరందరికీ అప్పు ఎగ్గొట్టినవాడైనా సరే, బతికుండగా పలకరించనివాళ్ళు కూడా వచ్చి గుమ్మం ముందు కాసేపు నిలబడేవారు. పాడె మలుపు తిరిగాక, వాకిళ్ళు కడిగాక, అప్పుడు మోగేది గుడిగంట. మనిషి పోతే దేవుడైనా కాసేపు ఆగాలన్న ఇంగితం అది. దాన్ని ఎవరూ చట్టం చేయలేదు.

ఆ పాటి ఇంగితం కరువైన చోటు ఒకటి ఉంది. 1999 మే 23, ఆదివారం రాత్రి. అమెరికాలో మిస్సోరీ రాష్ట్రం, కాన్సాస్ సిటీ, కెంపర్ ఎరీనా. పదహారు వేలమందికి పైగా జనం. డబ్ల్యూడబ్ల్యూఎఫ్ అనే కంపెనీ వాళ్ళ కుస్తీ ప్రదర్శన, పేరు ‘ఓవర్ ది ఎడ్జ్’. ఇంట్లో టీవీలో చూడాలన్నా విడిగా డబ్బు కట్టాల్సిన ప్రదర్శన.

ఆ రాత్రి ఓవెన్ హార్ట్ అనే కుస్తీ ఆటగాడు కప్పు దూలాల మీది నుంచి తాడుతో రింగులోకి దిగాలి. ముఖానికి నీలం ముసుగు, భుజాల మీద ఈకలు కుట్టిన పైవస్త్రం. వేషం పేరు ‘బ్లూ బ్లేజర్’. మన నాటకాల భాషలో చెప్పాలంటే బఫూన్ పాత్ర. తనను తాను మహావీరుడిననుకుని ఆకాశం నుంచి దిగుతాడు, నేలకు కాస్త ఎత్తున తాడులో చిక్కుకుని తన్నుకుంటాడు, చివరికి కొక్కెం ఊడి బోర్లా పడతాడు. జనం నవ్వాలి. అంతే ఆ సన్నివేశం.

ఆ ఒక్క నవ్వు కోసం కొక్కెం ఠక్కున ఊడేది కావాల్సి వచ్చింది. తెరచాప పడవల్లో తాళ్ళకు వాడే రకం కొక్కేన్ని తెచ్చి మనిషికి తగిలించారు. అది ఊడిపోవడానికి మూడు కిలోల బలం కూడా అక్కర్లేదు. సంతలో తక్కెడ ఎత్తేవాడి చిటికెనవేలు చాలు. ఊడితే పట్టుకోవడానికి రెండో తాడు లేదు. కింద వల లేదు.

ఊడింది. రింగుకు ఇంకా 78 అడుగుల పైన ఉండగానే ఊడింది. ఏడంతస్తుల మేడ ఎత్తు అనుకోండి. మూల స్తంభానికి దగ్గర్లో రింగు తాడుకు ఛాతీ కొట్టుకుని లోపలికి విసిరేసినట్టు పడ్డాడు. లోపల బృహద్ధమని తెగింది. రక్తస్రావంతో ప్రాణం పోయింది. వయసు 34. పుట్టినరోజు జరిగి అప్పటికి పదహారు రోజులు.

ఇంతవరకూ ప్రమాదం. నిర్లక్ష్యమనండి, నేరమనండి, కనీసం దాన్ని ప్రమాదమని పిలవొచ్చు. నా కడుపు మండేది ఆ తర్వాత జరిగినదానికి. దాన్ని ప్రమాదమని ఎవరూ పిలవలేరు. అది కళ్ళు తెరిచి, ఆలోచించి తీసుకున్న నిర్ణయం.

ఆట ఆపలేదు.

అతన్ని స్ట్రెచర్ మీద తీసుకుపోయారు. కాసేపటికి మళ్ళీ సంగీతం, మళ్ళీ లైట్లు, మళ్ళీ గంట. తర్వాతి పోటీకి వెళ్ళాల్సినవాడు జెఫ్ జారెట్. ఓవెన్‌కు జంటగా బరిలో దిగిన నేస్తం. స్నేహితుణ్ణి మోసుకుపోవడం చూసిన కళ్ళతోనే కెమెరా ముందు నిలబడి డైలాగు చెప్పి, అదే రింగులోకి దిగాడు. అతని పక్కనే నడవాల్సిన డెబ్రా కళ్ళు తుడుచుకుంటూనే నడిచింది. రింగు వేరే తేలేదు. ఓవెన్ పడిన చెక్కల మీదే ఆ రాత్రి మిగతా ఆటలన్నీ ఆడించారు.

గంట గడిచాక వ్యాఖ్యాత జిమ్ రాస్ టీవీ ప్రేక్షకులకు చెప్పాడు, ఓవెన్ హార్ట్ చనిపోయాడని. అంతకుముందు నుంచీ అతను పదే పదే చెబుతూ వచ్చాడు, ఇది కథలో భాగం కాదు, నిజంగా జరిగింది అని. ఆ గొంతులో వణుకు ఈరోజుకీ వినొచ్చు. కానీ ఎరీనాలో కూర్చున్న పదహారు వేలమందికి మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు. బొమ్మను పడేశారేమో అనుకున్నవాళ్ళున్నారు. తమాషా అనుకుని నవ్వినవాళ్ళున్నారు. ఇంటికి వెళ్ళి టీవీ పెడితే గానీ తెలియలేదు చాలామందికి, తాము చూసింది ఒక మనిషి చావని.

చివరి ఆట ఏమిటో తెలుసా? అండర్‌టేకర్‌కీ స్టోన్ కోల్డ్ స్టీవ్ ఆస్టిన్‌కీ మధ్య ఛాంపియన్‌షిప్. అండర్‌టేకర్ అంటే మన భాషలో కాటికాపరి. నల్లకోటు, శవపేటికలు, చావుగంటల సంగీతం. ఇద్దరు పిల్లల తండ్రి నిజంగా చచ్చిపోయిన రింగులో, కాసేపటికే, చావు వేషం వేసినవాడు గెలిచాడు. ఆ వేషగాణ్ణి నేనేమీ అనను. అతనూ ఆ పూట కూలికి వచ్చినవాడే. గంట కొట్టమన్నవాళ్ళు వేరే.

“అంతా ఉత్తుత్తిదేరా.”

చిన్నప్పుడు కేబుల్ టీవీలో ఈ కుస్తీలు చూస్తుంటే మా బాబాయి రోజూ అనేమాట ఇది. “ముందే మాట్లాడుకుని కొట్టుకుంటార్రా. అదీ ఒక డ్రామాయే. పోయి చదువుకో.” బాబాయి చెప్పింది సగం నిజం. ఎవరు గెలవాలో ముందే అనుకుంటారు. కానీ వీపు మీద పడే బల్ల ముందే మాట్లాడుకున్నది కాదు. మోకాలి చిప్పకు కథ తెలియదు. 78 అడుగుల ఎత్తు నుంచి పడితే భూమి స్క్రిప్టు చదవదు.

ఓవెన్ పోయాడన్న వార్త మా పిల్లగుంపుకి చేరినప్పుడు మేమడిగిన మొదటి ప్రశ్న, “నిజంగానా, కథలోనా?” అండర్‌టేకర్‌ను పూడ్చిపెడితే లేచి వచ్చాడు కదా, వీడూ వస్తాడులే అని పందెం కాసినవాడు మాలో ఒకడున్నాడు. అది నేనే. పిల్లతనం అని ఎవరైనా సర్దిచెప్పవచ్చు. కానీ పెద్దల లోకం అన్నది కూడా అదే కదా. ‘ఉత్తుత్తిదే’ అన్న ఒక్క మాట చాటున ఎన్ని నిజం ఎముకలు విరిగాయో ఎవరూ లెక్కపెట్టలేదు.

ఆ మాట ఆ కంపెనీకి ఎంత లాభమో చూడండి. 1989లో న్యూజెర్సీ చట్టసభ ముందు కంపెనీ తనంతట తానే ఒప్పుకుంది, మాది క్రీడ కాదు, వినోదం అని. ఎందుకొచ్చిన నిజాయితీ? క్రీడ అయితే రాష్ట్ర క్రీడా కమిషన్ పర్యవేక్షణ ఉంటుంది, పన్నులుంటాయి. వినోదమైతే ఆ బెడద లేదు. సరే, వినోదమే అనుకుందాం. మరి నటులకు ఉన్నట్టు యూనియన్ ఉందా? లేదు. పోనీ ఉద్యోగులా? అదీ కాదు. కాగితాల మీద వాళ్ళు ‘స్వతంత్ర కాంట్రాక్టర్లు’. ఏ ఊళ్ళో, ఏ రాత్రి, ఎవరి చేతిలో, ఏ వేషంలో ఓడాలో కంపెనీ చెబుతుంది. ఆరోగ్య బీమా దగ్గరికి వచ్చేసరికి మాత్రం నువ్వు స్వతంత్రుడివి నాయనా అంటుంది. ఇంతకన్నా గొప్ప ఉత్తుత్తి కుస్తీ నేను ఏ రింగులోనూ చూడలేదు.

1986లో జెస్సీ వెంచురా తోటి ఆటగాళ్ళను కూడగట్టి యూనియన్ పెట్టాలని చూశాడు. సాగలేదు. అదే మనిషి 1998లో మిన్నెసోటా రాష్ట్రానికి గవర్నర్‌గా గెలిచాడు. అమెరికాలో ఒక కుస్తీ ఆటగాడు రాష్ట్రాన్ని ఏలగలిగాడు గానీ కుస్తీ ఆటగాళ్ళకు ఒక సంఘం పెట్టలేకపోయాడు. దీనికి వ్యాఖ్యానం అక్కర్లేదు.

ఓవెన్ ఎవరో కూడా రెండు మాటలు చెప్పాలి. చావు ఒక్కటే మిగిలిపోతే అది అతనికి మనం చేసే రెండో అన్యాయం. కెనడాలో కాల్గరీ. తండ్రి స్టూ హార్ట్ ఇంటి నేలమాళిగలోనే తాలింఖానా నడిపాడు. ‘డంజన్’ అంటే కుస్తీ లోకంలో తెలియనివాడు లేడు. పన్నెండుమంది సంతానంలో ఓవెన్ ఆఖరివాడు. అన్న బ్రెట్ హార్ట్ పేరు మన పిల్లలకూ తెలుసు. 1994లో రెజిల్‌మేనియాలో ఆ అన్ననే ఓడించే కథలో ఓవెన్ ఆడిన తీరును కుస్తీ తెలిసినవాళ్ళు ఇప్పటికీ కళ్ళకద్దుకుంటారు. తోటివాళ్ళను ఆటపట్టించి నవ్వించే మనిషి. డబ్బు జాగ్రత్త చేసుకుని, త్వరగా ఈ ఊళ్ళు తిరగడం మానేసి భార్యాపిల్లల దగ్గర ఉండిపోవాలన్నది అతని కోరిక. కొడుక్కి ఏడేళ్ళు, కూతురికి మూడేళ్ళు.

మరునాటి రాత్రి సెయింట్ లూయిస్‌లో కంపెనీ నివాళి కార్యక్రమం పెట్టింది. తోటి ఆటగాళ్ళు కెమెరా ముందు వెక్కివెక్కి ఏడ్చారు. ఆ ఏడుపులు నిజమైనవే, వాళ్ళను శంకించను. కానీ నిన్న రాత్రి పది నిమిషాలు దొరకని దుఃఖానికి ఈ రాత్రి టీవీలో అంత చోటు ఎలా దొరికింది? ఆగమంటే నష్టం, ఏడవమంటే కార్యక్రమం. తేడా అంతే.

ఎవరి మీదా క్రిమినల్ కేసు నడవలేదు. భార్య మార్తా హార్ట్ దావా వేసింది. 2000లో 1 కోటీ 80 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది. అందులోంచి ఆమె ఓవెన్ పేరిట ఒక ఫౌండేషన్ పెట్టి పేదపిల్లల చదువులకు ఖర్చుపెడుతోంది. కంపెనీ వాళ్ళ ‘హాల్ ఆఫ్ ఫేమ్’లో అతని పేరు చేర్చనివ్వలేదు ఆమె. మొండిది అన్నారు, అభిమానుల మనసు అర్థం కాలేదన్నారు. నాకైతే ఆ మొండితనం ముందు చేతులు జోడించాలనిపిస్తుంది. శవాన్ని పక్కన పెట్టి గంట కొట్టినవాళ్ళ చేతుల మీదుగా దండ వేయించుకోవడం ఎందుకు?

ఇది ఒక్క రాత్రి కథ అయితే ఇంత రాసేవాణ్ణి కాదు. 1997 అక్టోబర్ 5న బ్రయాన్ పిల్మన్ అనే కుస్తీ ఆటగాడు హోటల్ గదిలో శవమై దొరికాడు, 35 ఏళ్ళకు. ఆ రాత్రి ఆటా ఆగలేదు. మరునాడే అతని భార్యను టీవీ కెమెరా ముందు కూర్చోబెట్టి ప్రశ్నలడిగారు. 2005 నవంబర్‌లో ఎడ్డీ గెరెరో పోయాడు, 38 ఏళ్ళకు. నెలలు తిరక్కుండానే అతని చావును తిట్టుగా వాడుకునే కథ రాసి, తోటి ఆటగాడి నోట ఎడ్డీ నరకంలో ఉన్నాడని చెప్పించారు.

మొన్న అటక సర్దుతుంటే పాత రెజ్లింగ్ ట్రంప్ కార్డుల కట్ట దొరికింది. అంచులు నలిగి, రబ్బరు బ్యాండు అట్టకు అతుక్కుపోయి ఉంది. మీలో చాలామంది ఆడే ఉంటారు. ర్యాంకు, ఎత్తు, బరువు, ఛాతీ, కండలు, ఆడిన ఆటలు, గెలిచినవి. ఎవరి అంకె పెద్దదైతే వాడిదే పట్టు. ఒక్కొక్కటే నేలమీద పరిచాను. రిక్ రూడ్, 40 ఏళ్ళకు పోయాడు. యోకోజునా, 34. ఓవెన్‌కు బావ వరసైన డేవీ బాయ్ స్మిత్, 39. మిస్టర్ పర్‌ఫెక్ట్, 44. బిగ్ బాస్ మ్యాన్, 41. ఎర్త్‌క్వేక్, 42. కొందరు గుండె ఆగి, కొందరు మందులు వికటించి, ఒకరు క్యాన్సర్‌తో. కారణాలు ఒక్కటి కావు, నేను కలిపి కొట్టను. కానీ నిండు నూరేళ్ళ మాట దేవుడెరుగు, యాభయ్యో ఏడు చూడని బలవంతులు ఒకే కట్టలో ఇంతమంది ఉంటే, ఆటలో ఏదో తేడా ఉందని అడగడానికి డాక్టరు చదువు చదవాలా? కార్డు మీద ఛాతీ కొలత ఉంది. ఆ ఛాతీలోపల గుండెకు గడి లేదు.

ఆ కట్టను చేతిలో పట్టుకుని అమెరికా వాళ్ళను తిట్టడం తేలికే. మరి మన దగ్గర? 2016 నవంబర్ 7న బెంగళూరు దగ్గర తిప్పగొండనహళ్ళి జలాశయంలో ఒక కన్నడ సినిమా కోసం అనిల్, ఉదయ్ అనే ఇద్దరు నటులు హెలికాప్టర్ నుంచి దూకి మునిగిపోయారు. ఈత అంతంతమాత్రమని ముందే టీవీవాళ్ళతో చెప్పుకున్నవాళ్ళు. వాళ్ళతోపాటు దూకిన కథానాయకుడు బతికాడు. సినిమా మరుసటి ఏడాది విడుదలైంది. మన తెలుగు తెర మీద మాత్రం? అద్దాలు పగలగొట్టుకుంటూ పడే ఫైటర్ పేరు మనలో ఎంతమందికి తెలుసు? హీరో గాల్లోకి లేస్తే కాగితాలు విసురుతాం. నిజంగా గాల్లోకి లేచిన డూప్ ఎక్కడ పడ్డాడో చూడం. ‘ఉత్తుత్తిదే’ అన్న మాట మా బాబాయి ఒక్కడిదే కాదు.

ఇవాళ్టికీ ఇంటర్నెట్‌లో ఓవెన్ హార్ట్ పేరు కొడితే, అతని ఆటల కోసం వెతికేవాళ్ళతో సమానంగా ఆ ‘పడిన వీడియో’ ఉందా అని వెతికేవాళ్ళు కనబడతారు. అతను పడే క్షణంలో టీవీలో ముందే తీసిపెట్టుకున్న మరో క్లిప్ నడుస్తోంది కాబట్టి ఆ దృశ్యం ఇళ్ళకు చేరలేదు. ఆ రాత్రి జరిగిన ఒకే ఒక్క మర్యాద అది. అదీ యాదృచ్ఛికం.

డబ్బు కట్టి వచ్చిన జనాన్ని మధ్యలో ఎలా పంపేస్తారు అని వాదించేవాళ్ళున్నారు. నేను ఆ పదహారు వేలమందిని అంత తక్కువగా చూడను. వాళ్ళలో పిల్లలున్న తండ్రులుంటారు, తండ్రి పోయిన పిల్లలుంటారు. చెబితే టోపీలు తీసేవారు. లేచి నిలబడేవారు. నిశ్శబ్దంగా ఇళ్ళకు నడిచేవారు. వాళ్ళకా అవకాశమే ఇవ్వలేదు. ఆ రాత్రి ఓవెన్ ప్రాణం ఒక్కటే పోలేదు, పదహారు వేలమంది మనుషులుగా ప్రవర్తించే హక్కూ పోయింది.

రింగు పక్కనే మైకు ఉంది. మాట్లాడటం వచ్చినవాళ్ళు అరడజనుమంది ఉన్నారు. “అయ్యా, మనిషి పోయాడు. ఇక ఇళ్ళకు వెళ్ళండి.” ఆరు మాటలు. ఆ ఆరు మాటలకు ఎంత ఖర్చయ్యేదో, ఇరవయ్యేళ్ళు దాటినా ఎవరూ లెక్క చెప్పలేదు.